పిట్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్ళినవారిలో అగ్రస్థానం ఎవరికి?

నాలుగో డౌన్:

పిట్స్‌బర్గ్ పక్కన పెన్‌హిల్స్ అనగానే మనవాళ్ళకు వెంకటేశ్వరస్వామి గుడే గుర్తుకొస్తుంది. అదే ఊరి హైస్కూలులో ఆడి, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో (పిట్) చదివి, అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌ను పదేళ్ళు వణికించిన డిఫెన్సివ్ ట్యాకిల్ (డిఫెన్స్ వరుస మధ్యలో నిలబడేవాడు) ఆరన్ డొనాల్డ్. పిట్ నుంచి వృత్తి ఫుట్‌బాల్‌కు వెళ్ళినవారిలో మొదటి స్థానం ఆయనదేనని నా వాదన. క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) డాన్ మరీనోను రెండో స్థానంలో పెట్టడం అపచారమని కొందరు అంటారని తెలుసు. అననివ్వండి.

షరతు ఒకటే: కాలేజీ రోజుల ఘనత లెక్కలోకి రాదు. 1976లో టోనీ డోర్సెట్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచి, పిట్‌ను ఓటమి లేకుండా జాతీయ విజేతగా నిలిపాడు. 1980లో హ్యూ గ్రీన్ డిఫెన్స్ ఆటగాడై ఉండి కూడా హైస్మన్ ఓటింగులో రెండో స్థానానికి వచ్చాడు. రెండూ గొప్పవే, కానీ ఈ చర్చకు బయటివి.

నా వరుస ఇది: డొనాల్డ్, మరీనో, లారీ ఫిట్జెరాల్డ్ (పాస్‌లు పట్టే రిసీవర్), డోర్సెట్ (బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్), డరెల్ రీవిస్ (రిసీవర్లను కాచే కార్నర్‌బ్యాక్). ఆ తర్వాత జో ష్మిట్, మైక్ డిట్కా, మరో రన్నింగ్ బ్యాక్ కర్టిస్ మార్టిన్.

డొనాల్డ్ 2014 డ్రాఫ్టులో (జట్లు కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునేది) 13వ ఎంపిక. ఆ స్థానానికి ఎత్తు చాలదని పెదవి విరిచినవారున్నారు. పది సీజన్లు ఆడాడు, పదిసార్లూ మేటి ఆటగాళ్ళ ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. ఎనిమిదిసార్లు ఆల్‌ప్రో, అంటే స్థానాలవారీగా లీగ్ ఉత్తముల మొదటి జట్టులో చోటు. 2017, 2018, 2020లలో లీగ్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. ఆయన రిటైరయ్యే నాటికి ఆ అవార్డు మూడేసి సార్లు అందుకున్న మిగతావారు లారెన్స్ టేలర్, జె.జె. వాట్ మాత్రమే. తన స్థానంలో లీగ్ మొత్తానికీ ఇంతకాలం మొదటివాడిగా నిలిచిన మరో పిట్ ఆటగాడిని చూపించండి.

మయామి పాతకాపు:

చూపిస్తాను. 1984 సీజన్ తీసుకోండి. అంతకుముందు ఒక సీజన్‌లో అత్యధిక టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించే స్కోరు) పాస్‌లు 36. ఇరవై ఏళ్ళుగా ఆ అంకెను ఎవరూ దాటలేదు. మరీనో తన రెండో ఏడాదిలోనే 48 వేశాడు. రికార్డును దాటడం వేరు, దాన్ని మూడో వంతు పెంచడం వేరు. ఆ ఏడాది 5,084 గజాలు విసిరాడు. లీగ్ చరిత్రలో అయిదు వేలు దాటిన మొదటి మనిషి. టచ్‌డౌన్ల రికార్డు 2004 వరకు, గజాల రికార్డు 2011 వరకు నిలిచాయి. డొనాల్డ్ రికార్డులు అంతకాలం నిలుస్తాయో లేదో మన పిల్లలు చూడాలి.

1999 సీజన్ తర్వాత తప్పుకునే నాటికి 61,361 గజాలు, 420 టచ్‌డౌన్లు. రెండూ అప్పటికి లీగ్‌లో అత్యధికం. ఇక సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన ఉంగరం లేదనే పాట మొదలవుతుందని తెలుసు. ఆడిన ఒకే ఒక్క సూపర్ బౌల్‌లో, 1985 జనవరిలో, శాన్‌ఫ్రాన్సిస్కో చేతిలో 38–16తో ఓడిపోయాడు. నిజమే. కానీ మరీనో ఉన్న 17 సీజన్లలో మయామి తరఫున వెయ్యి గజాలు పరిగెత్తిన రన్నింగ్ బ్యాక్ ఒక్కసారే కనిపించాడు, 1996లో. పరుగు లేదని ఎదుటి జట్టుకు ముందే తెలుసు. పాస్ వస్తుందని తెలిసి కూడా ఆపలేకపోయారు.

గజాల లెక్క:

పాతకాపు గారూ, ఒక్క చిన్న సవరణ. రిసీవర్లను డిఫెన్స్ ఎంత దూరం వరకు తాకవచ్చన్న నిబంధనను 1978లోనే బిగించారు. 36 రికార్డు అంతకుముందు కాలానిది. కాబట్టి 36 నుంచి 48కి దూకడంలో కొంత వాటా నిబంధనలది. అలా అన్నా, 1978 తర్వాత వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌లందరికీ అవే నిబంధనలు కదా, 2004 వరకు వాళ్ళెవరూ 48 వేయలేదు. మరీనోకు మొదటి రెండు స్థానాల్లో ఏది ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. డోర్సెట్ నాలుగు, మార్టిన్ ఎనిమిదా? డోర్సెట్ మొత్తం పరుగు 12,739 గజాలు. మార్టిన్‌ది 14,101. తేడా 1,362 గజాలు, అంటే ఒక మంచి సీజన్ మొత్తం! మార్టిన్ మూడో రౌండులో ఎంపికై, వచ్చిన ఏడాది నుంచి వరుసగా పదేళ్ళు వెయ్యి దాటాడు. 2004లో 31 ఏళ్ళ వయసులో 1,697 గజాలతో లీగ్‌లో మొదటి స్థానం తెచ్చుకున్నాడు. రెండో స్థానంలో ఉన్న షాన్ అలెగ్జాండర్‌కు 1,696. డోర్సెట్‌కు లీగ్ పరుగుల కిరీటం ఒక్కసారీ దక్కలేదు.

హైస్కూలు చివరి ఏడాది వరకు మార్టిన్ ఫుట్‌బాల్ ముట్టుకోలేదు. వీధుల్లోని హింసకు దూరంగా ఉంటాడని తల్లి పోరితే మైదానానికి వెళ్ళాడు. ఆటమీద అంత పిచ్చి లేనివాడు ఇంత నిలకడగా ఆడాడు. దానికి ఎనిమిదో స్థానమా?

డాలస్ అల్లుడు:

లెక్క గారు గజాలు కొలుస్తున్నారు, అవి ఎలా వచ్చాయో చూడటం లేదు. 1983 జనవరి 3న మినెసోటాతో మ్యాచ్. డోర్సెట్ జట్టు డాలస్ తన గోల్ గీతకు ఒక గజం ముందు ఇరుక్కుంది. పొరపాటున మైదానంలో పదిమందే ఉన్నారు, పదకొండోవాడు లేడు. డోర్సెట్ అక్కడి నుంచి 99 గజాలు పరిగెత్తాడు. ఆ రికార్డును ఎవరూ దాటలేరు. మైదానమే అంత కాబట్టి సమం చేయగలరు, అంతే. 2018లో డెరిక్ హెన్రీ సమం చేశాడు.

మొదటి ఏడాదే సూపర్ బౌల్ గెలిచాడు. 1988లో తప్పుకునే నాటికి వాల్టర్ పేటన్ ఒక్కడే ఆయనకన్నా ఎక్కువ పరిగెత్తాడు. తప్పుకునే నాటికి మార్టిన్ స్థానం నాలుగు. ఎవరి కాలంలో వారిని చూడటం న్యాయం.

గజాల లెక్క:

ఆ 99 గజాల మ్యాచ్ డాలస్ ఓడిపోయిందని కూడా రాయవలసింది.

హైదరాబాద్ ప్రేక్షకుడు:

నేను ఈ ఆట కొత్తగా చూస్తున్నాను, నిదానంగా చెప్పండి. క్వార్టర్‌బ్యాక్ దాదాపు ప్రతిసారీ బంతి ముట్టుకుంటాడు. డిఫెన్సివ్ ట్యాకిల్ బంతి ముట్టుకోకుండానే మ్యాచ్ ముగిసిపోవచ్చు. క్రికెట్‌లో ఓపెనర్‌నూ వికెట్‌కీపర్‌నూ ఒకే తక్కెడలో పెట్టినట్టు లేదా ఇది? ఇంకొకటి. క్రిస్ డోల్మన్ కూడా పిట్ వాడే అంటున్నారు, ఆయన సాక్‌లు 150.5. డొనాల్డ్‌వి 111. మరి డోల్మన్ పేరు పై వరుసలో ఎక్కడా లేదేమిటి?

నాలుగో డౌన్:

మంచి ప్రశ్న. సాక్ అంటే క్వార్టర్‌బ్యాక్ పాస్ విసిరేలోపే అతన్ని పడగొట్టడం. డోల్మన్ ఎక్కువగా వరుస చివర నుంచి వచ్చేవాడు. అక్కడ పక్కన ఖాళీ జాగా ఉంటుంది, వేగంతో చుట్టి రావచ్చు. 1989లో ఆయన 21 సాక్‌లు అలాగే చేశాడు. చిన్న విషయం కాదు, హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఊరికే పెట్టలేదు.

డొనాల్డ్ నిలబడేది మధ్యలో. ఎదురుగా గార్డు, పక్కన సెంటర్. ఇద్దరూ కలిసి మీద పడతారు, చుట్టి రావడానికి జాగా ఉండదు. మధ్యలో ఆడేవారి పని సాధారణంగా పరుగును ఆపి, ఇద్దరిని తమ మీదికి లాక్కుని, పక్కవాళ్ళకు దారి ఇవ్వడం. డొనాల్డ్ ఆ పని చేస్తూనే 2018లో 20.5 సాక్‌లు చేశాడు. మధ్య స్థానం నుంచి ఒక సీజన్‌లో అంతకుముందు ఎవరూ అన్ని చేయలేదు. పైగా మధ్య నుంచి వచ్చే ఒత్తిడి క్వార్టర్‌బ్యాక్‌కు అన్నిటికన్నా చెడ్డది. పక్క నుంచి వస్తే ఒక అడుగు ముందుకు వేసి తప్పించుకోవచ్చు. మధ్య నుంచి వస్తే వేయడానికి అడుగే ఉండదు.

2022 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్ చివరి నిమిషం వెతికి చూడండి. డొనాల్డ్ జట్టు రామ్స్ 23, బెంగాల్స్ 20. బెంగాల్స్‌కు నాలుగో డౌన్, అంటే చివరి ప్రయత్నం, ఒక్క గజం కావాలి. డొనాల్డ్ మధ్యలోంచి దూసుకొచ్చి వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జో బరోను పట్టుకుని గిరగిరా తిప్పేశాడు. చేతిలోంచి జారిన బంతి ఎవరికీ చేరలేదు. ట్రోఫీ అక్కడ తేలింది. బంతి ముట్టుకోకుండానే మ్యాచ్ ముగియవచ్చన్నారు కదా, అలాగే ముగిసింది.

ఎడారి ఎరుపు:

సూపర్ బౌల్ చివరి నిమిషాల సంగతి వచ్చింది కాబట్టి మా అరిజోనా దుఃఖం వినండి. 2009 ఫిబ్రవరి, ఎదురుగా పిట్స్‌బర్గ్ జట్టు స్టీలర్స్. రెండున్నర నిమిషాలకు కాస్త పైన ఉండగా ఫిట్జెరాల్డ్ పాస్ అందుకుని డిఫెన్స్ నడుమ నుంచి పరిగెత్తి, 64 గజాల టచ్‌డౌన్‌తో ఆధిక్యం తెచ్చిపెట్టాడు. చివర 35 సెకన్లు ఉండగా సాంటోనియో హోమ్స్ ఆ మూలన పట్టిన క్యాచ్‌తో 27–23. పిట్స్‌బర్గ్‌లో చదివినవాడి ట్రోఫీని పిట్స్‌బర్గే పట్టుకుపోయింది. ఆ ప్లేఆఫ్స్‌లో ఆయన నాలుగు మ్యాచ్‌లలో 546 గజాలు, ఏడు టచ్‌డౌన్లు చేశాడు. ఒక రిసీవర్ అంతకుముందు ఎప్పుడూ అంత చేయలేదు.

17 సీజన్లు ఒకే జట్టు. 1,432 క్యాచ్‌లు, 17,492 గజాలు. రెండింటిలోనూ పైన జెర్రీ రైస్ ఒక్కడే. రైస్‌కు బంతి విసిరింది మోంటానా, స్టీవ్ యంగ్. మావాడికి కర్ట్ వార్నర్, కార్సన్ పామర్ ఉన్న ఏళ్ళు తీసేస్తే, విసిరినవారి పేర్లు అరిజోనాలో కూడా చాలామందికి గుర్తులేవు. అందుకని మూడో స్థానం నాకు చాలదు. మరీనోకన్నా పైన ఉండాలి. మరీనోకు మార్క్ డూపర్, మార్క్ క్లేటన్ ఉన్నారు.

మయామి పాతకాపు:

వాళ్ళను ఆ స్థాయికి తెచ్చినవాడు ఎవరండీ?

డెట్రాయిట్ పెదనాన్న:

ఇంతమంది ఇంత రాసి జో ష్మిట్ గురించి ఒక్క ముక్క అనలేదు. టీవీలో చూడలేదు కాబట్టి లేడనుకుంటున్నారు. 1953లో ఏడో రౌండులో తీసుకున్న కుర్రాడు. మధ్యలో నిలబడి మొత్తం డిఫెన్స్‌కు ఆజ్ఞలిచే మిడిల్ లైన్‌బ్యాకర్ అనే స్థానానికి రూపం ఇచ్చినవారిలో ఒకడు. 1954 నుంచి 1963 వరకు ఏటా ప్రో బౌల్. డెట్రాయిట్‌కు రెండు చాంపియన్‌షిప్‌లు, 1953, 1957. ఆ తర్వాత డెట్రాయిట్ ఎదురుచూపు ఎంత పొడుగో అందరికీ తెలుసు.

డిట్కా విషయం కూడా తేల్చండి. కోచ్‌గా 1985లో షికాగో జట్టు బేర్స్‌ను గెలిపించింది కలపాలా వద్దా? నన్నడిగితే వద్దు. కలపకుండానే ఆయన బరువు చాలినంత ఉంది. 1961లో వచ్చీరాగానే 1,076 గజాలు, 12 టచ్‌డౌన్లు. అప్పటివరకు టైట్ ఎండ్ అంటే ఎదుటివాడిని అడ్డుకునేవాడు, అవసరమైతే ఒకటీ అరా బంతి పట్టేవాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో అడుగుపెట్టిన మొదటి టైట్ ఎండ్ డిట్కాయే.

మాటవరసకు ఇంకొకటి. 1985లో ఆ బేర్స్‌ను సీజన్ మొత్తంలో ఒకే ఒక్క జట్టు ఓడించింది, డిసెంబరు 2న మయామి, 38–24. కోచ్ డిట్కా పిట్ వాడు. బేర్స్ లెఫ్ట్ ట్యాకిల్ జింబో కోవర్ట్ పిట్‌లో మరీనోకు కాపలా కాసినవాడు. ఎదురుగా మరీనో. ఒక కాలేజీ సత్తా తెలియాలంటే ఆ ఒక్క రాత్రి చాలు.

నాలుగో డౌన్:

డిట్కా విషయంలో పెదనాన్న గారి మాటే నాదీ, కోచింగ్ కలపడం లేదు. మార్టిన్‌కు ఒక మెట్టు ఇస్తాను, డిట్కాకన్నా పైన. డోర్సెట్‌ను మాత్రం దింపను. మార్టిన్ ఎదురైతే జట్లు గట్టిగా నిలబడేవి. డోర్సెట్ ఎదురైతే భయపడేవి. ఒక్క సందు దొరికితే మ్యాచ్ పోతుందని తెలుసు. నా కొలమానం అదే: ఇతని కోసం ఎదుటి కోచ్ తన పథకాన్ని ఎంత మార్చుకోవలసి వచ్చింది? మరీనో దానికి నిలుస్తాడు, డొనాల్డ్ ఇంకా గట్టిగా నిలుస్తాడు. ఐదో స్థానంలో రీవిస్‌ను ఎందుకు పెట్టానని ఎవరూ అడగలేదు, అది వింతగా ఉంది.

అలిక్విప్ప అభిమాని:

అడుగుతున్నాను. ఐదెందుకు, మూడెందుకు కాదు?

మీ కొలమానంతోనే చూద్దాం. 2009లో జెట్స్ కోచ్ రెక్స్ రయన్ ఎదుటి జట్టులోని మేటి రిసీవర్‌ను రీవిస్‌కు ఒప్పజెప్పి, ఆ వైపు సాయం పంపేవాడు కాదు. మిగిలిన మనుషులను దాడికి వాడుకునేవాడు. రాండీ మాస్, టెరెల్ ఓవెన్స్, ఆండ్రె జాన్సన్, ఎవరు వచ్చినా అంతే. ఆ వైపును రీవిస్ ద్వీపం అనేవారు. బంతి అటు విసరకపోవడమే ఎదుటి కోచ్ పథకం. పథకం మార్చుకోవడం అంటే ఇంకేమిటి?

కెరీర్‌లో 29 ఇంటర్‌సెప్షన్లేనా (ఎదుటివారి పాస్‌ను పట్టేయడం) అని ఎవరైనా అంటే, విసరని బంతిని పట్టుకోలేం కదా. ఆయనకు ఎదురు నిలిచే వాదన ఒక్కటే, శిఖరం మీద ఉన్న కాలం తక్కువ. 2012లో మోకాలు పోయింది. తర్వాత టాంపా వెళ్ళాడు, న్యూ ఇంగ్లండ్‌లో ఒక ఏడాది ఆడి సూపర్ బౌల్ గెలిచాడు, మళ్ళీ జెట్స్‌కు వచ్చాడు. జీతం కోసం రెండుసార్లు శిబిరానికి రాకుండా పట్టుబట్టాడని న్యూయార్క్‌లో ఇంకా సణుగుతారు. అది ఆట లెక్క కాదు.

ఫిట్జెరాల్డ్‌ను దింపమని అనను, ఎడారి ఎరుపు గారు ఊరుకోరు. డోర్సెట్‌ను దింపండి. లెక్క గారి ఓటు నాకే పడుతుంది.

గజాల లెక్క:

పడింది. మార్టిన్‌ను ఐదుకు తెస్తేనే.