కొత్త చైను వేశాక జారుతోంది, ఏం చేయాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
వెనక చక్రానికి ఏడు గేర్లున్న సైకిలు, నాలుగేళ్ళుగా తొక్కుతున్నాను. రోజూ ఆఫీసుకి, ఓపికుంటే ఆదివారం కళింగపట్నం దాకా. చైను తుప్పు పట్టి కిర్రుమంటోందని పోయిన వారం కొత్తది వేయించాను. అప్పట్నుంచి వంతెన ఎక్కుతూ గట్టిగా తొక్కితే చాలు, టక్‌మని జారుతోంది. నిన్న మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. వేసినాయన్ని అడిగితే ‘కొత్త చైను కదా, సర్దుకుంటుంది’ అన్నాడు. నిజమేనా?

కోట వెనక వీధి (విజయనగరం)
సర్దుకోదండీ. చైను అరిగేకొద్దీ పొడుగవుతుంది, వెనక పళ్ళు కూడా దానికి తగ్గట్టే అరుగుతాయి. రెండూ కలిసి ముసలివైనంత కాలం గొడవ తెలీదు. కొత్త చైను సరైన కొలతతో వచ్చేసరికి ఆ అరిగిన గుంటల్లో కూర్చోదు, బరువు పడగానే పన్నెక్కి దూకేస్తుంది. మీరు ఎక్కువగా వాడే ఒకటి రెండు గేర్లలోనే జారుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

పాత చైను పారేయకపోతే కొలవండి. పిన్నుకీ పిన్నుకీ మధ్య అరంగుళం. ఒక పిన్ను దగ్గర సున్నా పెడితే, దాని తర్వాత 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలి. ఇనప స్కేలు వాడండి, దర్జీ టేపు సాగుతుంది. అర నూలు (అంగుళంలో పదహారో వంతు) దాటితే చైను మార్చే టైము. నూలు దాకా వచ్చిందంటే వెనక పళ్ళు కూడా పోయినట్టే లెక్క.

నాగావళి గట్టు
కొలిచాను. నూలు దాటింది. మూడో గేరు, నాలుగో గేరులోనే జారుతోంది, మీరన్నట్టే. వెనక సెట్టు ఇంట్లోనే విప్పుకోవచ్చా?

కోట వెనక వీధి
వెనక పళ్ళ సెట్టులో రెండు రకాలు. ముందు అది ఫ్రీవీలా, క్యాసెట్టా చూసుకోండి, రెండింటి పనిముట్లూ వేరు. చక్రం ఊడదీసి, పళ్ళని వెనక్కి తిప్పుతూ మధ్యలో పానా కూర్చునే గాడుల్ని గమనించండి. పళ్ళతో పాటు గాడులు కూడా తిరిగితే క్యాసెట్టు. పళ్ళు తిరుగుతున్నా గాడులు కదలకపోతే ఫ్రీవీలు, అంటే మొత్తం ఒకే ముద్దగా హబ్బు (చక్రం మధ్య దిమ్మ) మీద మర తిప్పి బిగించి ఉంటుంది. క్యాసెట్టుకైతే పళ్ళు తిరగకుండా పట్టుకోడానికి చైను ముక్క తగిలించిన కర్ర ఒకటి కావాలి. ఫ్రీవీలుకి అది అక్కర్లేదు, ఆ గాడుల్లో సరిగ్గా కూర్చునే రిమూవర్ అనే పనిముట్టు ఉంటే చాలు.

పాల కేన్లు (నెల్లిమర్ల)
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నాది మామూలు పాత సైకిలు, ముందు 48 పళ్ళు, వెనక 18. రెండు కేన్లతో ఎత్తు ఎక్కాలంటే ప్రాణం పోతోంది. వెనక 20 పళ్ళది వేస్తే చైను కూడా మార్చాలా?

పాత పానా (చీపురుపల్లి)
అక్కర్లేదు బాబూ. రెండు పళ్ళు పెరిగితే చక్రాన్ని పావంగుళం ముందుకు జరిపితే సరిపోద్ది. ఇప్పుడు పెడల్ ఒక చుట్టుకి చక్రం రెండుంపావు చుట్లు దాటి రెండున్నర మీద పోతోంది. 20 వేస్తే రెండుంపావు చిల్లరకి వచ్చీసి కాలికి తేలికవుద్ది, వేగం కాస్త తగ్గుద్ది. చైను మధ్యలో వేలుతో నొక్కితే అరంగుళం ఊగాలి. మరీ బిగించీకు, బేరింగులు పోతాయి.

నాగావళి గట్టు
నాది ఫ్రీవీలే. రిమూవర్ దొరకలేదు. ఏడు రోడ్ల దగ్గర తెలిసినాయన ఒకరు ‘పై ప్లేటుకి రెండు చిల్లులున్నాయి కదా, అందులో పంచ్ (ఉలి లాంటి ఇనప మొన) ఆనించి సుత్తితో కొట్టు, రివర్సు మర’ అన్నారు. కొట్టాను. తిరిగింది కూడా! ఆనందం మూడు సెకన్లు. పళ్ళన్నీ చేతిలోకి ఊడొచ్చాయి, ఆవగింజల్లాంటి గుళ్ళు వరండా అంతా దొర్లిపోయాయి. మధ్య ముక్క మాత్రం హబ్బుకే అతుక్కుని ఉంది. ఇప్పుడేం చేయాలి?

పాత పానా
ఎంత పని చేశావు బాబూ! నువ్వు విప్పింది ఫ్రీవీలు మూత. దాని మర రివర్సే, ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ హబ్బు మీద నుంచి ఫ్రీవీలుని దించే మర వేరు, అది మామూలు మరే, ఎడమ వైపు తిప్పితే వదులుద్ది. నువ్వు తొక్కిన ప్రతిసారీ అది ఇంకాస్త బిగుసుకుంటాది. నాలుగేళ్ళ తొక్కుడంటే ఆలోచించు.

కంగారేం లేదు. రిమూవర్ దొరకనప్పుడు మా షాపులో చివరి దారి ఇదే. మిగిలిన ముక్క గట్టిది, పెద్ద వైసులో (బల్లకి బిగించిన ఇనప పట్టులో) దాన్నే బిగించు. చక్రం పైన ఉండాలి. టైరుని రెండు చేతుల్తో లారీ స్టీరింగులా ఎడమకి తిప్పు. చక్రమే నీకు పెద్ద పానా. కదలకపోతే మర సందులో డీజిలు చుక్కలేసి రాత్రంతా వదిలీ. కొత్తది వేసేటప్పుడు మరకి గ్రీజు పుయ్యి, ఎవరూ పుయ్యరు, అందుకే అందరూ ఏడుస్తారు. మొదటి మూడు చుట్లు చేత్తోనే తిరగాలి. బిగుతుగా ఉంటే మర అడ్డంగా ఎక్కినట్టు, వెంటనే వెనక్కి తీసీ.

కోట వెనక వీధి
రిమూవర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. ఇరుసు నట్టు తిరిగి పెట్టి రిమూవర్ జారకుండా అదిమి పట్టించండి. ఫ్రీవీలు కాస్త కదలగానే ఆ నట్టు వదులు చేయండి. మర్చిపోతే ఇరుసుకే దెబ్బ.

పాల కేన్లు
చైనుకి నూనె మాటొస్తే, మా నాన్న జీవితమంతా కాలిన ఇంజనాయిలే పోశారు, చైను తుప్పన్నది ఎరగదు.

కోట వెనక వీధి
మీ నాన్నగారి సైకిలుకి చైను మీద మూసిన రేకు ఉండి ఉంటుంది. గేర్ల సైకిలుకి చైను బయటే వేలాడుతుంది. అందులోనూ ఈయన వెళ్ళేది కళింగపట్నం, ఉప్పుగాలి, ఇసక. జిడ్డు మీద ఇసక పడితే సానబట్టినట్టే అరుగుతుంది. అసలు ఈ చైను నూలు సాగడానికి కారణం కూడా అదేననుకుంటున్నా. సముద్రం నుంచి రాగానే తడిగుడ్డతో ఉప్పు తుడిచి, ఆరాక చైనులో ఒక్కో రోలరు మీద ఒక్క చుక్క నూనె. పది నిమిషాలాగి పైన కనిపించే నూనెంతా తుడిచేయాలి. నూనె లోపల ఉండాలి గానీ బయట మెరవక్కర్లేదు.

నాగావళి గట్టు
వెల్డింగు షాపులో వైసు దొరికింది. ఇద్దరం పట్టుకుంటే రెండో పట్టుకి కదిలింది, పెద్ద శబ్దంతో. విరిగిందేమోనని గుండె ఆగింది. కొత్త ఫ్రీవీలు గ్రీజు రాసి చేత్తోనే ఎక్కించాను. పొద్దున్న వంతెన మీద లేచి నిలబడి తొక్కాను, జారలేదు. వరండా ఊడ్చినప్పుడల్లా మాత్రం గుళ్ళు ఒకటీ అరా దొరుకుతూనే ఉన్నాయి, మా ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు.