మూడున్నరేళ్ల పాపకి ఇంట్లోనే చదువు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ వందనాలు. మా పాపకి మూడున్నరేళ్లు. ఒకటో తరగతి దాకా ఇంట్లోనే చెప్పుకుందామని నేనూ మావారూ అనుకుంటున్నాం. ఎనిమిది నెలల బాబు కూడా ఉన్నాడు, గంటల తరబడి కూర్చోబెట్టడం కుదరదు. సందేహాలు ఇవి: చట్టం ప్రకారం ఇబ్బందేమన్నా ఉందా? తర్వాత స్కూల్లో చేర్చుకుంటారా? అమెరికా క్రైస్తవ కరిక్యులమ్ ఒకటి చూశాం, ఏడాదికి సరిపడా పుస్తకాలన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. కొనాలా? తెలుగు ముందా, ఇంగ్లీషు ముందా? వాక్యం (బైబిల్) ఎలా చెప్పాలి? మా అత్తగారైతే "ఎల్‌కేజీకి పంపకపోతే పిల్ల వెనకబడుద్ది" అంటున్నారు.

జవాబు 1

సిస్టర్, చట్టం సంగతి ముందు తేల్చేద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది 6 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాట్లు ప్రభుత్వం చేయవచ్చు అని 11వ సెక్షన్‌లో ఉంది, అంతే. ఆ వయసు పిల్లల్ని తల్లిదండ్రులు పంపి తీరాలని ఎక్కడా లేదు. ఆరు దాటాక కూడా ఇంట్లోనే అంటే అది వేరే చర్చ. హోమ్‌స్కూలింగ్ అన్న ఊసే ఆ చట్టంలో లేదు, నేరమనీ లేదు. అలా కొనసాగేవాళ్లు ఎక్కువగా ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల) దారి పడతారు.

ఇక అడ్మిషన్. పిల్లకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టి వడపోయకూడదని 13వ సెక్షన్ చెబుతుంది. కానీ 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం ఈ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకి వర్తించదు. మన మిషన్ స్కూళ్లలో చాలావాటికి ఆ హోదా ఉంది. మీరు మనసులో పెట్టుకున్న స్కూల్ అలాంటిదైతే ఒకటో తరగతికి వచ్చే పిల్లల్ని ఏం అడుగుతారో ముందే వెళ్లి కనుక్కోండి. అసలు చిక్కు చట్టంతో కాదు, సీట్లతో. ప్రైవేటు స్కూళ్లలో ఒకటో తరగతి సీట్లు సొంత యూకేజీ పిల్లలతోనే నిండిపోతాయి. ఒకటో తరగతిలో చేర్చాలనుకున్న దానికి ఏడాది ముందే రెండు మూడు స్కూళ్లలో అడిగి పెట్టుకోండి.

కాగితాలు: బర్త్ సర్టిఫికెట్‌లో పాప పేరు ఉందో లేదో ఇవాళే చూడండి. చాలామంది ఆసుపత్రి నుంచి పేరు లేకుండా తెచ్చుకుని అలాగే వదిలేస్తారు, అడ్మిషన్ రోజున పరుగులు పెడతారు. ఆధార్ ఉంటే ఐదేళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాప ఇచ్చి అప్‌డేట్ చేయించాలి.

జవాబు 2

అక్కా, ఆ పెట్టె ఇప్పుడు కొనొద్దు. అందులో మంచు మనుషులు, ఆకులు రాలే కాలం, సెంట్లు, డాలర్లు ఉంటాయి. పాపకి ఇది మామిడి పూత, వాన, రూపాయి బిళ్ల చూపించి చెప్పే వయసు. పైగా దాంట్లో రోజుకింత పాఠం అని ఉంటుంది. బాబుకి జ్వరమొచ్చి వారం తప్పితే అమ్మకి బెంగ మొదలు.

ఈ వయసుకి కూర్చుని చేసే పని పది నిమిషాలు, రోజుకి రెండుసార్లు చాలు. ఒకటి బాబు పడుకున్నప్పుడు పెట్టుకోండి. నాలుగున్నర వచ్చాక పావుగంట చొప్పున మూడుసార్లు. మిగతాదంతా ఆటే. 3, 4 ఏళ్ల పిల్లలకి రోజుకి 180 నిమిషాల కదలిక, 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలనీ, స్క్రీన్ గంట దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. బైబిల్ కార్టూన్లు కూడా ఆ గంటలోకే వస్తాయండోయ్, వాటికి మినహాయింపు లేదు.

ఇంట్లో మాట్లాడేది తెలుగైతే తెలుగే ముందు. 'ప' అని నేర్చుకుంటే చదివేటప్పుడూ 'ప' అనే పలుకుతుంది. ఇంగ్లీషులో అక్షరం పేరు ఒకటి, శబ్దం ఒకటి. ఇంగ్లీషు ప్రస్తుతానికి పాటలు, మాటలతో సరిపెట్టండి.

అ ఆ ఇ ఈ వరస పాటలా పాడనివ్వండి, గుర్తుపట్టడం మాత్రం అక్కడ మొదలుపెట్టకండి. ఆ వరసలో పోతే 'ఋ' దాకా వచ్చినా పిల్ల చదవగలిగిన మాట చేతికి రాదు. త, ల, క, ప, డ, వ తీసుకోండి. ఈ ఆరింటితో తల, వల, పలక, వడ, పడవ, కడవ వచ్చేస్తాయి, అన్నీ బొమ్మ వేసి చూపించగలిగేవే. 'ప', 'వ' పక్కపక్కన ఇవ్వొద్దు, కలిసిపోతాయి. ఒకటి గట్టిపడ్డాక వారం పది రోజులకి రెండోది. తర్వాత దీర్ఘం, గుడి: తాత, పాప, కాకి. వత్తుల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

రాయడానికి ముందు రవ్వ పళ్లెం. అంచున్న స్టీలు పళ్లెంలో రంగు కాగితం పరిచి, పైన అర సెంటీమీటరు మందాన ఉప్మా రవ్వ. అంతకన్నా ఎక్కువ పోస్తే వేలు తీసిన గీతలోకి రవ్వ జారి పూడిపోతుంది. బియ్యం వద్దు, గింజ పెద్దది, గీత సరిగ్గా పడదు. అక్షరం ముందు మీరు రాసి చూపించండి, అదే చోట మొదలుపెట్టి పాప వేలితో దిద్దాలి. చుక్కలు కలిపే కాపీ పుస్తకాలతో చిక్కేంటంటే, పిల్లలు గీత ఎక్కణ్నుంచి పడితే అక్కణ్నుంచి లాగుతారు. ఆకారం వస్తుంది, చెయ్యి తిరగదు. తర్వాత ఆ అలవాటు మాన్పించడం కష్టం.

పెన్సిల్ తొందరేం లేదు. క్రేయాన్ విరిచి అంగుళంన్నర ముక్క ఇవ్వండి. పొడుగ్గా ఉంటే పిడికిట్లో పట్టుకుంటారు, పొట్టి ముక్కని మూడు వేళ్లతో తప్ప పట్టుకోలేరు. వేళ్లకి బలం రావాలంటే పిండి ముద్ద: కప్పు మైదా, అరకప్పు ఉప్పు, చెంచా నూనె, కొంచెం కొంచెంగా అరకప్పు దాకా నీళ్లు. మీ విజయవాడ ఉక్కకి ఉప్పు చెమ్మ లాగి ముద్ద జిగురవుతుంది. మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, జిగురైతే కాస్త మైదా కలపండి. ఉప్పు ఎక్కువ కాబట్టి బాబు నోటికి అందకూడదు.

లెక్కలంటే వంద దాకా వల్లించడం కాదు. "నాలుగు స్పూన్లు తే" అంటే నాలుగే తెస్తోందా అన్నది చూడండి. అన్నానికి కూర్చునేటప్పుడు మనిషికో పళ్లెం చొప్పున పాపనే పెట్టమనండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్. పెట్టె ఆలోచన మానేశాం. మరి వాక్యం? కుటుంబ ప్రార్థనలో పాప రెండు నిమిషాలు కుదురుగా ఉండదు. పాత అనువాదంలో మాటలు నోరు తిరగవు. పిల్లల కోసం వేరే అనువాదం వాడొచ్చా?

జవాబు 3 (సండే స్కూల్ టీచర్)

అమ్మా, ద్వితీయోపదేశకాండం 6:7 చూడండి. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు అని నాలుగు వేళలు చెబుతుంది. చిన్నపిల్లలకి టైమ్‌టేబుల్ అదే. లేవగానే ఒక పాట. కూరగాయలకి వెళ్తూ చెట్టూ పిట్టా చూపించి, ఇవి చేసింది ఎవరు అని ఒక్క మాట. పడుకునేటప్పుడు కథ. ఇంట్లో కూర్చునేది కుటుంబ ప్రార్థన. ఒక పాట, ఒక వచనం, పాప నోటితో ఒక్క వాక్యం ప్రార్థన, మొత్తం ఐదు నిమిషాలు. పెద్దల ప్రార్థన పాప పడుకున్నాక చేసుకోండి. రాత్రి భోజనం తర్వాత పెడితే నిద్రమత్తులో గొడవ చేస్తుంది, భోజనానికి ముందు పెట్టండి.

వారానికి ఒకే కథ. అదే కథ నాలుగైదు రోజులు చెప్పండి, మీకు విసుగు గానీ వాళ్లకి కాదు. ఈ వరస బాగుంటుంది: సృష్టి, నోవహు, యోసేపు, బుట్టలో మోషే, దావీదు, దానియేలు, యోనా, యేసు పుట్టుక, ఐదు రొట్టెలు రెండు చేపలు, తుఫాను, తప్పిపోయిన గొర్రె, జక్కయ్య. సిలువ గురించి ఈ వయసుకి మేకులు, నెత్తురు వర్ణించకండి, రాత్రి లేచి ఏడుస్తారు. చనిపోయాడు, మూడో రోజున లేచాడు, రెండూ ఒకే పూట చెప్పేయండి. సగం కథ రేపటికి వదలొద్దు.

లెక్క కూడా ఇందులోనే ఉంది. దావీదు ఏరుకున్న రాళ్లు ఐదు. లూకా 15లో నూరు గొర్రెల పక్కనే పది నాణేల ఉపమానం ఉంది. నూరు పాపకి అందదు, పది అందుతుంది. పది రూపాయి బిళ్లలు లెక్కపెట్టించి, ఒకటి దాచి, దీపం బదులు టార్చ్ ఇచ్చి వెతకమనండి. బాబు నిద్రపోయాకే సుమా, బిళ్ల నోట్లో పెట్టుకుంటాడు.

కంఠత వాక్యం నెలకి ఒకటి, రెండు మూడు మాటలది. "దేవుడు ప్రేమాస్వరూపి", "యెహోవా నా కాపరి". అనువాదం మార్చకండి. సంఘంలో (చర్చిలో) చదివేది, నానమ్మ చదివేది అదే, పాప మూడు చోట్ల వింటుంది. ఆ వచనంలోనే తర్వాతి ముక్క "లేమి కలుగదు" దాకా వచ్చినప్పుడు "ఏదీ తక్కువ కాదు" అని పక్కన చెబితే సరిపోతుంది. తప్పు చేసినప్పుడు శిక్షగా వాక్యం చెప్పించడం, "యేసయ్యకి కోపం వస్తుంది" అని బెదిరించడం వద్దేవద్దు.

జవాబు 4

పైవాళ్లు వదిలేసినవి రెండు మూడు. స్కూల్‌కి వెళ్లని పిల్లలకి ఆరోగ్యం పనులు జారిపోతాయి. అంగన్‌వాడీలో పాప పేరు రాయించండి, చదువు ఇంట్లో చెప్పుకున్నా సరే. నులిపురుగుల మాత్ర ఫిబ్రవరిలో, ఆగస్టులో అక్కడ ఇస్తారు, ఆరోగ్య పరీక్షల బృందం కూడా అక్కడికే వస్తుంది. ఐదేళ్లకి వేయాల్సిన డీపీటీ టీకా రెండో బూస్టర్ మర్చిపోవద్దు.

స్నేహాలకి ఆదివారం ఒక్కటీ చాలదు. వారంలో మూడు సాయంత్రాలు పార్కుకో, అపార్ట్‌మెంట్ కిందకో తీసుకెళ్లండి. సంఘం పిల్లలతోనే కాదు, వీధి పిల్లలందరితో ఆడాలి. వంతు కోసం ఆగడం, ఓడిపోవడం అమ్మతో ఆడితే రావు.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. పడుకునేటప్పుడు చెప్పే కథ ఆవిడకి అప్పగించండి, బొమ్మల బైబిల్ ఒకటి చేతికివ్వండి.

ఒక్క విషయంలో మాత్రం ఇంట్లో చూసుకుందాంలే అనుకోవద్దు. మూడున్నరకి మూడు నాలుగు మాటలు కలిపి మాట్లాడకపోయినా, వెనక నుంచి పిలిస్తే తిరగకపోయినా, బొమ్మల పుస్తకం ముక్కుకి ఆనించుకుని చూస్తున్నా పిల్లల డాక్టర్‌కి చూపించండి. స్కూల్లో అయితే టీచర్ కనిపెట్టి చెబుతుంది, ఇక్కడ కనిపెట్టాల్సింది మీరే.