సావనదుర్గ: తొమ్మిది మందిమి, సగానికి పైగా కొత్తవాళ్లు. దిగేటప్పుడు తాడు కట్టుకోవాలా?

మారతహళ్లి మిత్రుడు:
డిసెంబర్‌లో ఓ ఆదివారం ఆఫీసు స్నేహితులం తొమ్మిది మందిమి బెంగళూరు దగ్గరి సావనదుర్గలో బిళిగుడ్డ (తెల్లకొండ) ఎక్కుదామనుకుంటున్నాం. ఐదుగురికి కొండెక్కడం ఇదే మొదటిసారి. ఎక్కడం ఎలాగోలా అయిపోతుంది గానీ, ఆ నున్నటి బండ మీద దిగడం గురించే దిగులు. హార్డ్‌వేర్ షాపులో 20 మీటర్ల నైలాన్ తాడు కొని, దిగేటప్పుడు అందరం నడుములకు కట్టుకుందామని ఒకడంటున్నాడు. పనికొస్తుందా? బూట్లు, నీళ్లు, టైమింగ్ గురించి కూడా చెప్పండి.

రాతిబాట:
ఆ తాడు అస్సలు వద్దండీ. బండలో యాంకర్ (తాడు బిగించే గట్టి ఆధారం) ఏమీ లేకుండా మనుషుల్ని మనుషులకే కట్టుకుంటే, ఒకరు జారగానే ఆ కుదుపు పక్కవాడి నడుముకు తగులుతుంది. వాలు మీద నిలబడ్డ మనిషి ఆ కుదుపును ఆపలేడు. ఒక్కడితో పోయే జారుడు వరసలో అందరినీ లాక్కుపోతుంది.

అక్కడ మిమ్మల్ని నిలబెట్టేది బూటు అడుగుకీ గ్రానైట్‌కీ మధ్య రాపిడి ఒక్కటే. కొత్తవాళ్లు భయంతో ఒంటిని వెనక్కి, కొండవైపు వాలుస్తారు. బరువంతా మడమ అంచు మీదకు పోయి కాలు ముందుకు తన్నుకుపోతుంది. జారేది సరిగ్గా అలాగే. మోకాళ్లు కాస్త వంచి, నడుము పాదాల మీదకు తెచ్చి, అడుగు మొత్తం బండకు ఆనేలా చిన్నచిన్న అడుగులు వేయాలి. తిన్నగా కిందికి కాకుండా అడ్డంగా అటూ ఇటూ తిరుగుతూ దిగితే వాలు తగ్గుతుంది. మరీ నిటారుగా ఉన్నచోట బండవైపు తిరిగి, చేతులు ఆనించి వెనక్కి దిగండి. కూర్చుని జారుతూ రావడం మాత్రం ప్రమాదం: ప్యాంటు గుడ్డకు పట్టుండదు, ఒకసారి వేగం అందుకుంటే ఆగదు.

ఇంకో మాట. మొదటి బండ ఎక్కగానే కొత్తవాళ్లందరి చేత అక్కడే ఓ పది అడుగులు దిగించి చూడండి. కాళ్లు వణికేవాళ్లెవరో అక్కడే తెలిసిపోతుంది. కింద నుంచైతే వెనక్కి పంపడం తేలిక, పైకి పోయాక కాదు.

గండికోట పిల్లోడు:
బూట్ల సంగతి. అడుగు అరిగి నున్నగా అయిపోయిన జత వద్దు, గట్టి ప్లాస్టిక్ స్టడ్స్ ఉన్న ఫుట్‌బాల్ బూట్లూ వద్దు. మెత్తటి రబ్బరు అడుగున్న మామూలు స్పోర్ట్స్ షూ చాలు. మట్టిదారి దాటి బండ మీదకు వచ్చే ముందు అడుగు తుడుచుకోండి, అంటుకున్న ఇసుక పట్టును బాగా తగ్గిస్తుంది. వాలు మీద సన్నటి రాతిపొడి ఉన్నచోట కాలు పెట్టడమంటే రాగులు పోసిన గచ్చు మీద పెట్టినట్టే.

బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి. అవి వానకు నీళ్లు పారిన దారులు. ఎండితే పర్వాలేదు గానీ, తడిస్తే ఆ పాచి మీద ఏ బూటూ నిలవదు. డిసెంబర్ పొద్దున మంచుతో కూడా తడిగా ఉంటాయి, పక్కనుంచి వెళ్లండి. చినుకు పడితే మాత్రం ఇంకెంత దూరముందని చూడకుండా వెనక్కి తిరగడమే.

కాలిగోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. దిగేటప్పుడు వేళ్లు బూటు ముందు భాగానికి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. దిగడానికి ముందు చీలమండ దగ్గర లేసు బిగించి కడితే పాదం ముందుకు జారదు.

మాగడి రోడ్డు:
కింద గుడి దగ్గర ఉదయం ఏడున్నరకల్లా మొదలుపెట్టండి. కొత్తవాళ్లతో పైనున్న నంది మంటపం చేరడానికి మూడు గంటలు వేసుకోండి. పదిన్నరకి ఎక్కడున్నా సరే, అక్కణ్ణుంచే తిరుగు ప్రయాణం. ఈ మాట కిందే అందరూ ఒప్పుకోవాలి. పైన వాదన పెట్టుకుంటే "ఇంకో పదినిమిషాలే" అనేవాడే గెలుస్తాడు, అలసిన కాళ్లతో కాలుతున్న బండ మీద దిగాల్సి వస్తుంది.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు, అందులో ఒక లీటరు దిగేటప్పటికి ముట్టుకోకుండా ఉంచాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరుదైతే మొత్తం లీటరు నీళ్లలోనే కలపండి, సగం సీసాలో కలిపితే ఉప్పు ఎక్కువైపోతుంది. తిండి పాలిథిన్ కవర్లో చేత్తో పట్టుకోవద్దు, కోతులు లాక్కుంటాయి. బ్యాగులో పెట్టి జిప్పు వేయండి.

దారి తెలిసినవాడు ముందు, ఓపికున్నవాడు చివర, నెమ్మదిగా నడిచేవాళ్లు ముందువాడి వెనకే. చాలా గుంపులు చేసే పొరపాటు ఒకటుంది: ముందు చేరినవాళ్లు కూర్చుని సేద తీరతారు, ఆఖరివాడు రాగానే లేచి బయల్దేరతారు. అందరికంటే అలసినవాడికే విశ్రాంతి దొరకదు. చివరివాడు వచ్చాక ఐదు నిమిషాలు లెక్క పెట్టండి.

రాతి అంచుల కింద పెద్ద తేనెపట్లు ఉండొచ్చు. పొగ, రాళ్లు విసరడం, కేకలు, ఘాటైన సెంటు, ఏదీ వద్దు. కుట్టాక ముఖం వాచినా ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

మారతహళ్లి మిత్రుడు:
తాడు క్యాన్సిల్. అక్కడే ఉన్న కరిగుడ్డ (నల్లకొండ) కూడా అదే రోజు చూసేయొచ్చా? పర్మిషన్ ఎలా?

మాగడి రోడ్డు:
కరిగుడ్డ వద్దు. అటు చెట్టూ పొదా ఎక్కువ, దారి తేలిగ్గా తప్పుతుంది, కొత్తవాళ్లతో అసలే కాదు. అనుమతి, టికెట్లు, సమయాలు కర్ణాటక అటవీ శాఖ పోర్టల్‌లో ముందే చూసుకోండి. వెళ్లేవాళ్లందరి ఐడీ కార్డులూ దగ్గరుంచుకోండి. మ్యాప్ ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకుంటే మంచిది, కొన్నిచోట్ల సిగ్నల్ పోతుంది.