నెల్లూరులో కొన్న ‘నడిచే చేప’ అసలు ఏ జీవి?

ప్రశ్న (కావలి నుంచి):
మా అన్నయ్య కుమారుడు గత వారం నెల్లూరులోని ఒక అలంకార చేపల దుకాణంలో ‘నడిచే చేప’ అని చెబితే ఒక జీవిని కొని తెచ్చాడు. జానెడుకు కొంచెం తక్కువ పొడవు, ముదురు గోధుమ రంగు, నాలుగు కాళ్లు, తలకు ఇరువైపులా కుచ్చుల వంటి ఎర్రని మొప్పలు ఉన్నాయి. ఇది పెద్ద తోకకప్పేనని మా నాన్నగారు అంటున్నారు. అక్కడే నల్లని వీపు, నారింజ పొట్ట గల మరొకటి ఉంది కానీ దానికి మొప్పలు లేవు. రెండూ ఒకటేనా?

జవాబు (నెల్లూరు నుంచి):
మీ నాన్నగారి ఊహ సహజమే అయినా, కప్పపిల్లకు బయటి మొప్పలు తొలి రోజుల్లోనే పోయి, ఆ తరువాత వెనుక కాళ్లు ముందుగా వస్తాయి. కాబట్టి నాలుగు కాళ్లూ, బయటి మొప్పలూ కలిసి ఉన్నది సాలమాండరే (కప్పల్లాగే ఉభయచరం, కానీ బల్లి ఆకారంలో తోకతో ఉంటుంది). రంగును నమ్మకండి, వెనుక పాదం వేళ్లు లెక్కపెట్టండి. ఐదు ఉంటే ఆక్సొలాటిల్ గానీ టైగర్ సాలమాండర్ పిల్ల గానీ అవుతుంది. నాలుగే ఉంటే ఉత్తర అమెరికాకు చెందిన మడ్‌పపీ. వెనుక కాళ్లే లేకపోతే సైరెన్ అనే సాలమాండర్. చేతితో పట్టుకోకుండా, అది గాజుకు ఆనుకున్నప్పుడు ఫోటో తీసి చూడండి.

ప్రశ్న వేసినవారు:
ముందు నాలుగు, వెనుక ఐదు ఉన్నాయండి.

జవాబు (ఒంగోలు నుంచి):
అయితే మిగిలినవి రెండే. మెక్సికోలోని సొచిమిల్కో ప్రాంతపు ఆక్సొలాటిల్ మొప్పలతోనే పెరిగి, ఆ రూపంలోనే గుడ్లు పెడుతుంది. టైగర్ పిల్లకు సాధారణంగా కొన్ని నెలల్లో మొప్పలు కుంచించుకుపోయి, కనురెప్పలు ఏర్పడి, నేల మీదికి వచ్చే రూపం వస్తుంది. చిన్నప్పుడు రెండింటినీ వేరు చేయడం నాకూ కష్టమే. ఆక్సొలాటిల్ సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండవ అనుబంధంలో ఉన్నందున, వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణను అనుసరించి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. దుకాణదారు నుంచి బిల్లు అడిగి తీసుకోండి.

నారింజ పొట్టది బహుశా చైనా లేదా జపాన్‌కు చెందిన ఫైర్‌బెల్లీ న్యూట్, అంటే మరో రకం సాలమాండర్. దాని చర్మంలో పఫర్ చేపలో ఉండే విషమే ఉంటుంది. తాకితే చేతులు కడుక్కోవాలి. వీపు పక్కల మొటిమల వరుసలు ఉంటే మాత్రం కొనవద్దు, డార్జిలింగ్ కొండల్లోని మన సాలమాండర్‌కు అటువంటివే ఉంటాయి, దానికి చట్టరక్షణ ఉంది.

జవాబు (నెల్లూరు నుంచి):
మరొక మాట. వనామీ రొయ్యకు హాయిగా ఉండే 28–30 డిగ్రీల నీరు ఆక్సొలాటిల్‌కు ప్రాణాంతకం. దానికి 16–18 డిగ్రీలు కావాలి, 24 దాటితే జబ్బు పడుతుంది. మన ఎండలకు ఫ్యాన్ గాలి చాలదు, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం పెట్టవలసిందే. తొట్టిలో గులకరాళ్లు ఉంటే ఈ రోజే తీసేయండి, మింగేస్తుంది.