ఎనిమిదో నెలలో కొలెస్ట్రాల్ 268 వచ్చింది, నెయ్యి మానేయాలా?

తొలికాన్పు_31వారాలు
అందరికీ నమస్తే. మా ఆయన ఆఫీసులో ఇంట్లోవాళ్ళకి కూడా రక్తపరీక్షలు ఉచితమంటే నేనూ వెళ్ళి ఇచ్చాను. మొత్తం కొలెస్ట్రాల్ 268, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 290, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 148, మంచిదనే హెచ్‌డీఎల్ 62. ఒక్క హెచ్‌డీఎల్ తప్ప అన్నీ ఎర్ర అక్షరాల్లో ఉన్నాయి. షుగరు, బీపీ, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. డాక్టరు గారిని కలిసేది వచ్చే గురువారం. ఈలోపు అమ్మ నెయ్యి డబ్బా తీసి అటక ఎక్కించింది. అత్తయ్యేమో ఫోన్ చేసి "ఈ నెలల్లోనే నెయ్యి పోసుకు తినాలి, లేకపోతే కాన్పు కష్టమవుతుంది" అంటున్నారు. మూడు రోజులుగా ఇడ్లీ, చారన్నం తప్ప ఏమీ తినలేదు. గుడ్డు తినొచ్చా? ఏ నూనె మంచిది? చేపలు? పరీక్ష మళ్ళీ చేయించాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కాకినాడ_ఇద్దరు_పిల్లలు
చెల్లీ, ముందు కడుపు నిండా తిను. నెయ్యి సంగతి నేను చెప్తాను. మొదటి కాన్పుకి మా అత్తగారు తొమ్మిదో నెలంతా పొద్దున్నే వేడి అన్నంలో గరిటెడు నెయ్యి పోసి పెట్టారు, సిజేరియన్ అయింది. రెండోసారీ అంతే నెయ్యి, మామూలు కాన్పు అయింది. నెయ్యి వెళ్ళేది పేగుల్లోకి. బిడ్డ జారడానికీ దానికీ సంబంధం లేదు. ఆ రోజుల్లో నా బరువు మాత్రం 19 కిలోలు పెరిగింది, అది దిగడానికి రెండేళ్ళు పట్టింది. నేను చెప్పేదల్లా చేప తినమనే. కవళ్ళు, కానాగంతలు, దొరికితే వంజరం. వారానికి రెండుసార్లు పులుసు పెట్టించుకో.

ల్యాబ్‌లో_16ఏళ్ళు
16 ఏళ్ళుగా బయోకెమిస్ట్రీ ల్యాబులో పనిచేస్తున్నాను. ఇలాంటి రిపోర్టులు రోజూ నా చేతి మీదుగా పోతాయి కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. ఆ ఎర్ర అక్షరాలు గర్భిణుల కోసం వేసినవి కావు. పక్కన అచ్చయ్యే హద్దులు మామూలు మనుషులవి, మెషీన్‌కి మీరు గర్భిణి అని తెలియదు. నెలలు నిండేకొద్దీ ఈస్ట్రోజన్ పెరుగుతుంది, దాంతో లివరు కొవ్వుని ఎక్కువగా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. చివరి మూడు నెలల్లో ట్రైగ్లిజరైడ్లు అంతకుముందున్న దానికి రెండు మూడు రెట్లు కావడం మామూలే. మొత్తం కొలెస్ట్రాల్ సగం దాకా పెరగొచ్చు. అది వృథా కాదు. మాయ ప్రొజెస్టెరాన్ తయారుచేసేది తల్లి రక్తంలోని కొలెస్ట్రాల్‌తోనే.

ఇంకో మాట. ఎల్‌డీఎల్‌ని చాలా ల్యాబుల్లో నేరుగా కొలవరు, లెక్క కడతారు. మీ అంకెలే చూడండి. 290ని 5తో భాగిస్తే 58. 268లోంచి 58, 62 తీసేస్తే 148. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. ఇంతకీ పరగడుపున ఇచ్చారా?

తొలికాన్పు_31వారాలు
లేదండీ, ఉప్మా తిని వెళ్ళాను. అలా ఇవ్వకూడదని ఎవరూ చెప్పలేదు.

డాలస్_అమ్మాయి
@కాకినాడ_ఇద్దరు_పిల్లలు అక్కా, వంజరం చెప్పొద్దు ప్లీజ్. ఇక్కడ అమెరికాలో ఆహారాన్నీ మందుల్నీ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చే పట్టికలో గర్భిణులు అసలు తినకూడని చేపల్లో కింగ్ మాకెరెల్ ఉంది. అంటే మన వంజరమే. పాదరసం ఎక్కువ. మా డాక్టరు మొదటి విజిట్‌లోనే ఆ కాగితం చేతికిచ్చింది.

హార్బర్_వైజాగ్
వంజరం, మీ కింగ్ మాకెరెల్ ఒకటి కాదు. మూడు తరాలుగా చేపల మీద బతుకుతున్న ఇల్లు మాది. మీరు చెప్పేది అట్లాంటిక్ చేప, స్కాంబరోమోరస్ కవల్లా. మన దగ్గర పడేది స్కాంబరోమోరస్ కామర్సన్. ఇంగ్లీషులో రెంటినీ కింగ్ ఫిష్ అంటారని మన చేపకి చెడ్డపేరు తేకండి. మా ఇంటి కోడళ్ళంతా తిన్నారు, పిల్లలు రత్నాల్లా ఉన్నారు.

డాలస్_అమ్మాయి
మీరు రాసిన పేర్లలో మొదటి సగం ఒకటేగా అండీ? అంటే దగ్గరి చుట్టాలేగా? రెండూ చిన్న చేపల్ని తిని బతికే పెద్ద చేపలు. చిన్న చేపల్లో ఉన్న పాదరసమంతా పెద్దదాని ఒంట్లో పోగవుతుంది. మా ఇంట్లో అందరూ తిన్నారు అనేది రుజువు కాదు.

హార్బర్_వైజాగ్
డాలస్‌లో ఫ్రీజర్‌లో చేప కొనుక్కునేవాళ్ళు మాకు చేపల గురించి పాఠాలు చెప్తున్నారు. తెల్లవారుజామున 4 గంటలకి బోటు దగ్గరికి వచ్చి చూడండి, ఏది ఎంత సైజులో పడుతుందో.

డాలస్_అమ్మాయి
నేను భీమిలిలో పుట్టాను. మా నాన్నతో సైకిల్ మీద హార్బర్‌కి వచ్చేదాన్ని. మనిషిని బట్టి కాకుండా మాటని బట్టి జవాబివ్వండి.

కాకినాడ_ఇద్దరు_పిల్లలు
నేను కవళ్ళు, కానాగంతలు అని ముందు చెప్పాను, వంజరం "దొరికితే" అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకున్నారు ఇద్దరూ.

శాకాహారి_గుంటూరు
ఎప్పుడు చూసినా చేపలేనా? పోయినేడాది ఇదే ప్రశ్న నేనడిగితే అందరూ చేప తినమన్నారు, ఒక్కరూ వేరే దారి చెప్పలేదు. తినని వాళ్ళం ఏం చేయాలి? అవిసె గింజల కారప్పొడి రోజూ రెండు స్పూన్లు తిన్నాను. అందులో ఉన్న ఒమేగా 3ని ఒళ్ళు డీహెచ్‌ఏగా మార్చుకునేది చాలా కొద్దిగానేనని ఏడో నెలలో తెలిసింది. బిడ్డ మెదడుకీ కళ్ళకీ కావలసింది ఆ డీహెచ్‌ఏ. రోజుకి కనీసం 200 మిల్లీగ్రాములు అందాలంటారు. సముద్రపు నాచు నుంచి తీసిన శాకాహార గుళికలు ఉన్నాయి, డాక్టరు గారినడిగి అవే వాడాను. చేపలకి కూడా అది ఆ నాచు నుంచే వస్తుంది.

గానుగ_నిజామాబాద్
అసలు సమస్య ప్యాకెట్ నూనె. మా గానుగ పల్లి నూనె, నువ్వుల నూనె వాడితే కొలెస్ట్రాల్ సున్నా. నా మాట నమ్మండి, మా అక్కకి రెండు నెలల్లో తగ్గింది.

ల్యాబ్‌లో_16ఏళ్ళు
ఏ గింజ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు సార్, ప్యాకెట్‌దైనా గానుగదైనా. అది జంతువుల నుంచి వచ్చే వాటిలోనే ఉంటుంది. గానుగ నూనెలో వాసన, రుచి, కొన్ని మంచి పదార్థాలు మిగులుతాయి, ఒప్పుకుంటాను. కొవ్వు మాత్రం అదే కొవ్వు, గ్రాముకి 9 కేలరీలే.

గానుగ_నిజామాబాద్
మీరు ట్యూబులు చూసే మనిషి, నేను గింజలు చూసే మనిషిని. డాక్టరులా మాట్లాడకండి.

లెక్కల_టీచరమ్మ
ఏ నూనె అని కొట్టుకునే ముందు ఎంత నూనె అని చూసుకోండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకి నూనె, నెయ్యి అన్నీ కలిపి 30 గ్రాములు. అంటే దాదాపు ఆరు టీ స్పూన్లు. నేను గర్భంతో ఉన్నప్పుడు మా ఇంట్లో నలుగురికి నెలకి 5 లీటర్ల నూనె అయ్యేది. తూకంలో నాలుగున్నర కిలోలు. నలుగురికీ ముప్పై రోజులకీ పంచితే మనిషికి రోజుకి 38 గ్రాములు, నెయ్యి కాకుండానే! సీసా మీద మార్కర్‌తో వారానికో గీత గీసి, ఆ గీత దాటనివ్వలేదు. మూడో వారానికి వంకాయ వేపుడు పోయి వంకాయ పచ్చి పులుసు వచ్చింది. అలా తగ్గించిన చోటే ఒక స్పూను నెయ్యికి వీలు దొరికింది. నెయ్యి పాపమేం కాదు, గరిటెతో కొలవకుండా స్పూనుతో కొలవండి. మానాల్సింది బేకరీ పఫ్‌లు, మరిగిన నూనెలో మళ్ళీ మళ్ళీ వేయించే బజ్జీలు.

చెల్లెలి_కోసం_రాస్తున్నా
"పెరగడం మామూలే" అని అందరూ కొట్టిపారేస్తున్నారు. నా చెల్లెలి కథ చదవండి. 33వ వారంలో రాత్రి రొమ్ము కింద మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోయింది, ఆగకుండా వాంతులు. ఒక ఆసుపత్రిలో గ్యాస్ అని బిళ్ళ ఇచ్చి పంపేశారు. తెల్లారి ఇంకోచోట రక్తం తీశారు. ఆ ట్యూబు నా కళ్ళతో చూశాను. కాసేపు నిలబెట్టాక పైన తేరుకోవాల్సిన పసుపు నీరు లేదు, చిక్కటి పాలు పోసినట్టు తెల్లగా ఉంది. ట్రైగ్లిజరైడ్లు 2,840. ప్యాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాచిపోయింది. ఐసీయూలో ఇన్సులిన్ ఎక్కించారు, ప్లాస్మా తీసి మార్చారు. 34 వారాలకి బిడ్డని తీశారు, 1.9 కిలోలు. ఇప్పుడు ఇద్దరూ బాగున్నారు. తర్వాత తెలిసిందేమిటంటే పెళ్ళికి ముందే తనకి 600 ఉండేదట, మా నాన్నకీ ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

కాకినాడ_ఇద్దరు_పిల్లలు
నిద్ర పట్టడం లేదని రాసిన పిల్లకి ఈ కథ చెప్పాలా? 290 ఎక్కడ, 2,840 ఎక్కడ? ఇలా భయపెట్టబట్టే పిల్లలు అన్నం మానేస్తున్నారు.

చెల్లెలి_కోసం_రాస్తున్నా
భయపెట్టడానికి రాయలేదు. ఆ రాత్రి ఆసుపత్రి కారిడార్‌లో నేలమీద కూర్చున్నది నేను, మీరు కాదు. ఇలాంటిది ఒకటుందని ఎవరైనా ముందు చెప్పుంటే గ్యాస్ బిళ్ళ పట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళం కాదు.

ల్యాబ్‌లో_16ఏళ్ళు
ఇద్దరి మాటా నిజమే. పాల లాంటి సీరం నేనూ చూశాను, ఏళ్ళకి ఒకటి రెండుసార్లు. ప్యాంక్రియాస్ భయం మొదలయ్యేది సుమారు 1,000 దాటాక. అలాంటి వాళ్ళలో చాలామందికి పుట్టుకతోనే లోపం ఉంటుంది, లేదా అదుపులో లేని షుగర్ ఉంటుంది. గర్భం దాన్ని పైకి తోస్తుంది. వాళ్ళకి కొవ్వు దాదాపు పూర్తిగా తగ్గించాలి, అది ఆసుపత్రి పర్యవేక్షణలో జరగాలి. మామూలు గర్భిణి వాళ్ళని చూసి చారన్నం తినడం తప్పు. కొవ్వు లేకపోతే ఏ, డీ, ఈ, కే విటమిన్లు ఒంటికి పట్టవు.

నాన్న_41లో_పోయారు
మాది వంశపారంపర్య కొలెస్ట్రాల్. ఇది సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుందట. నాన్నకి 41 ఏళ్ళకే గుండెపోటు. నేను 24 ఏళ్ళ నుంచి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడుతున్నాను. పిల్లల కోసం అనుకున్నప్పుడే కార్డియాలజిస్టు గారిని కలిసి ఆపాను. గర్భంలో ఎల్‌డీఎల్ 300 దాటింది. పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళని మందు ఒకటి, కొలెస్టిరమిన్ పొడి ఇచ్చారు. నీళ్ళలో కలిపితే ఇసుక మింగినట్టు ఉండేది, అయినా తాగాను. గర్భిణులు స్టాటిన్లు వాడకూడదన్న గట్టి హెచ్చరికని 2021లో ఎఫ్‌డీఏ కొంత సడలించింది, అయినా గర్భిణుల్లో ఎక్కువమంది ఆపాలనే అంది. తొలికాన్పు చెల్లీ, మీ రెండు వైపులా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళున్నారేమో అడుగు. ఉంటే డాక్టరు గారికి అదే ముందు చెప్పు.

అంగన్‌వాడీ_సిద్దిపేట
గుడ్డు ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. మా కేంద్రానికి వచ్చే గర్భిణులకి ఆరోగ్య లక్ష్మి అనే ప్రభుత్వ పథకం కింద రోజూ ఒక పూట భోజనం, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తాం. ఈ మధ్య చదువుకున్న పిల్లలు పచ్చసొన తీసి కంచం అంచున పెట్టేస్తున్నారు, కొలెస్ట్రాల్ అంట. బిడ్డ మెదడుకి పనికొచ్చే కోలిన్ అనే పోషకం ఉండేది ఆ సొనలోనే. నేను పక్కన కూర్చుని తినిపిస్తున్నాను. రోజుకొక గుడ్డు సొనతో సహా తినమ్మా.

హార్బర్_వైజాగ్
నిన్న మా మేనల్లుడిని అడిగాను, ఫిషరీస్ చదువుతున్నాడు. పెద్ద వంజరం గర్భిణులు తినకపోవడమే మంచిదన్నాడు. డాలస్ అమ్మాయి గారూ, ఆ ఒక్క మాట ఒప్పుకుంటున్నాను. కానీ చేపే మానేయమనకండి.

డాలస్_అమ్మాయి
మానేయమనలేదండీ. ఇక్కడ కూడా పాదరసం తక్కువున్న చేప వారానికి 225 నుంచి 340 గ్రాములు తినమనే చెప్తారు. కవళ్ళు దొరక్క డబ్బా సార్డీన్లు తిన్నాను నేను. ఇంకోటి, కాడ్ లివర్ ఆయిల్, ఫిష్ ఆయిల్ ఒకటే అనుకోవద్దు. కాడ్ లివర్‌లో విటమిన్ ఏ బాగా ఉంటుంది, అది ఎక్కువైతే బిడ్డకి మంచిది కాదు.

తొలికాన్పు_31వారాలు
డాక్టరు గారిని కలిశాను. రిపోర్టు ఒక నిమిషం చూసి "ఇప్పుడు ఈ పరీక్ష ఎందుకు చేయించుకున్నావు?" అన్నారు. రెండు వైపుల పెద్దవాళ్ళ గుండె సంగతి అడిగారు, మా ఇళ్ళలో అలాంటిదేం లేదు. కాన్పయ్యాక రెండు మూడు నెలలకి పరగడుపున మళ్ళీ చూద్దామన్నారు. నొప్పి, వాంతులు ఎలా ఉంటే రమ్మంటారని అడిగాను, @చెల్లెలి_కోసం_రాస్తున్నా గారు రాసినట్టే చెప్పారు. అమ్మ డబ్బా అటక మీంచి దించింది, లోపల స్పూను వేసింది. కానాగంతలు హైదరాబాద్‌లో తాజాగా ఎక్కడ దొరుకుతాయి?

హార్బర్_వైజాగ్
ఆదివారం పొద్దున్నే రామ్‌నగర్ మార్కెట్. మొప్పలు ఎత్తి చూడండి, ఎర్రగా ఉంటేనే తీసుకోండి.

34వారాలు_దురద
ఇక్కడ అడగొచ్చో లేదో తెలియదు. వారం నుంచి అరచేతులు, అరికాళ్ళు రాత్రిళ్ళు విపరీతమైన దురద. దద్దుర్లేమీ లేవు. నెయ్యి ఎక్కువై వేడి చేసిందంటున్నారు ఇంట్లో. నెయ్యి మానేస్తే తగ్గుతుందా?

ల్యాబ్‌లో_16ఏళ్ళు
నెయ్యి సంగతి పక్కన పెట్టండి. దద్దుర్లు లేకుండా అరచేతుల్లో దురదంటే లివర్ నుంచి పైత్యరసం సరిగ్గా దిగకపోవడం కావచ్చు, అది బిడ్డకి ప్రమాదం. బైల్ ఆసిడ్స్, లివర్ పరీక్ష అని అడగండి. రేపటిదాకా ఆగొద్దు.

కాకినాడ_ఇద్దరు_పిల్లలు
అమ్మా, బిడ్డ కదులుతోందా? ఫోన్ పక్కన పెట్టి ఇప్పుడే బయల్దేరు.

34వారాలు_దురద
కదులుతోంది అక్కా. ఆటో వచ్చింది, వెళ్తున్నాం.