ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ విందులో సాలీళ్లు, తేళ్లు: శాస్త్రవేత్తలు చేయాల్సిన పనేనా ఇది?

కళింగతీరం:
న్యూయార్క్‌లో ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ అని ఉంది, 1904లో పెట్టారు. ధ్రువాలకి వెళ్లినోళ్లు, ఎవరెస్ట్ ఎక్కినోళ్లు, చంద్రుడి మీద దిగినోళ్లు ఇందులో మెంబర్లు. ఏటా పెద్ద విందు చేస్తారు. సూట్లేసుకుని వచ్చి టరాంటులా సాలీళ్లు, తేళ్లు, పురుగులు తిని ఫొటోలు దిగుతారు. 1951 విందులో అయితే అలాస్కా దీవుల మంచులో దొరికిన మామత్ (ఎప్పుడో అంతరించిన బొచ్చు ఏనుగు) మాంసం వడ్డించారని పేపర్లో కూడా వచ్చింది. అప్పటి ముక్క ఒకటి మ్యూజియంలో మిగిలిపోతే అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు డీఎన్ఏ తీసి చూశారు, 2016లో రీసెర్చ్ పేపర్ వచ్చింది. అది పచ్చ సముద్ర తాబేలు. నేను శ్రీకాకుళం తీరంలో ఆరు సీజన్లు తాబేలు గుడ్లు కాపాడాను, చదవగానే కడుపు రగిలిపోయింది. ప్రకృతిని కాపాడాలని చెప్పేవాళ్లే దాన్ని ప్లేట్లో పెట్టుకుని వేడుక చేసుకుంటారా?

జన్యువు_77:
చిన్న సవరణ. మామత్ అని రాసింది పేపర్ వాళ్లు. మ్యూజియంలో ఆ ముక్క ఉన్న సీసా మీద రాసిన పేరు మెగాథీరియం, అంటే నేల మీద తిరిగిన భారీ స్లాత్ అనే, ఎప్పుడో అంతరించిన జంతువు. యేల్ వాళ్లకి ఆసక్తి పుట్టిందే అందుకు, ఆ జంతువు అలాస్కా వైపు ఉన్న దాఖలా లేదు, నిజమైతే పెద్ద విషయం అయ్యేది. మామత్, స్లాత్ ఒకటి కాదు.

కళింగతీరం:
తిన్నది తాబేలే కదండీ. అది చెప్పండి.

ఎడిసన్_రావు:
నేను న్యూజెర్సీలో ఉంటాను, ఒకసారి ఆ విందుకి గెస్ట్‌గా వెళ్లాను. బయట పురుగుల ఫొటోలే తిరుగుతాయి గానీ లోపల అది పది నిమిషాల ముచ్చట, మిగతా సాయంత్రమంతా ప్రసంగాలే. సముద్రం అడుగుకి వెళ్లొచ్చిన మనిషి నా పక్క టేబుల్లో కూర్చున్నాడు, నా జీవితంలో మర్చిపోలేను. ఆ విందు వల్ల క్లబ్‌కి డబ్బు వస్తుంది, క్లబ్ కుర్రాళ్లకి రీసెర్చ్ గ్రాంట్లు ఇస్తుంది. ఇక పురుగులు తినడం గురించా, దాదాపు 200 కోట్ల మంది తింటారని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ 2013లోనే లెక్క చెప్పింది. 75 ఏళ్ల కిందటి తాబేలు పట్టుకుని ఇవాళ్టి వాళ్లని తిట్టడం న్యాయం కాదు.

తొలకరి:
మా ఊళ్లో తొలి వానకి ఉసిళ్లు పట్టి వేయించుకుని తింటాం. ఏ పేపరోడూ ఫొటో తీయలేదు.

జన్యువు_77:
ఇంకోటి. ఆ 1951 మాంసం సంగతిని ఎవరైనా మోసం అనుకుంటే తప్పు. ఆ విందు పబ్లిసిటీ పని చూసుకున్న వెండెల్ డాడ్జ్ నాటకాల రంగం నుంచి వచ్చినోడు. తర్వాత ఆయనే ఒక చోట, తాబేలుని స్లాత్‌గా మార్చే మందు కనిపెట్టానేమో అన్నట్టు రాశాడు. అంటే హాస్యం.

కళింగతీరం:
హాస్యమా? విందుకి రాలేకపోయిన మెంబర్ ఒకాయన నా వాటా పంపండి అంటే మెగాథీరియం అని పేరు రాసి మరీ పంపారు. ఆయన నమ్మి మ్యూజియంలో పెట్టాడు. పేరు తప్పు రాసిన శాంపిల్ అరవై ఏళ్లకు పైగా మ్యూజియంలో ఉండటం హాస్యం ఎలా అవుతుంది? మీరు ల్యాబ్ మనిషిలా ఉన్నారు, మీ ల్యాబ్‌లో ఎవరైనా లేబుల్ ఇలా రాస్తే నవ్వి ఊరుకుంటారా?

జన్యువు_77:
ఊరుకోను. కానీ డాడ్జ్ హింట్ ఇచ్చాడు అన్నది ఫ్యాక్ట్.

ఎడిసన్_రావు:
కళింగం గారూ, 1951లో అమెరికాలో తాబేలు సూప్ హోటళ్లలో మామూలు వంటకం. మీ కోపం అర్థమవుతుంది గానీ ఇవాళ్టి చట్టం పెట్టి అప్పటివాళ్లని కొలవకండి.

పద్మజ_జియో:
మీరంతా ప్లేటు దగ్గరే ఆగిపోయారు, కుర్చీల సంగతి ఎవరూ అడగట్లేదు. ఆ క్లబ్ ఆడవాళ్లని మెంబర్లుగా తీసుకుంది 1981లో! పెట్టిన 77 ఏళ్లకి. ఆడవాళ్లని చేర్చుకోండని ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ తోటి మెంబర్లకి ఉత్తరం రాయాల్సి వచ్చింది. 1925లోనే ఆడవాళ్లు విసిగిపోయి వేరే సొసైటీ పెట్టుకున్నారు. నేను జియాలజీలో ఇరవై ఏళ్లు ఫీల్డ్ చేశాను, గుట్టలెక్కడం నేను, సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో పెద్దలతో భోజనం మాత్రం నా జూనియర్ మగపిల్లలు. అసలు ప్రాజెక్టులు పంచుకునేది ఆ భోజనాల దగ్గరే.

ఎడిసన్_రావు:
మేడమ్, అది పాత కథ. 2021 నుంచి క్లబ్ వాళ్లు ప్రపంచానికి తెలియాల్సిన 50 మంది అని ఏటా ఎంచుతున్నారు, అందులో పేద దేశాల వాళ్లు ఎందరో. మారుతున్న సంస్థని కూడా ఇలా తిడితే ఇంకెవరు మారతారు? ఇక్కడ కొందరికి అమెరికాలో ఏది జరిగినా ఏడుపే.

కళింగతీరం:
ఏడుపా? సరే వినండి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రి పదకొండుకి బయల్దేరి తెల్లారేదాకా ఇసకలో నడిచేవాళ్లం. ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్కో గూట్లో నూటికి పైగా గుడ్లు పెడుతుంది, కుక్కలూ నక్కలూ తవ్వేలోపు తీసి హేచరీకి, అంటే గుడ్లు పొదిగించే కంచె లోపలికి చేర్చాలి. జాడ చూసి గూడు ఎక్కడుందో చెప్పేది మా వాడబలిజ (చేపలు పట్టే కులం) తాత ఒకాయన, కర్ర గుచ్చి చూసేవాడు, ఎప్పుడూ తప్పలేదు. గుడ్లు పిల్లలవడానికి 45 నుంచి 60 రోజులు, ఏ గూడు ఎప్పుడు పగులుతుందో ఆయనకి నోటికి వచ్చు. ఒక సంస్థ వాళ్లు వచ్చి మా డేటా అంతా తీసుకుని వెళ్లారు, రీసెర్చ్ పేపర్ వేశారు, పెద్ద హోటల్లో సమావేశం పెట్టారు. మమ్మల్ని బోర్డులు మోయడానికి పిలిచారు. లోపల విందు జరుగుతుంటే తాతా నేనూ మెట్ల దగ్గర పులిహోర ప్యాకెట్లు తిన్నాం. ఆయన ఒక్క మాటా అనలేదు. పోయిన ఏడాది పోయాడు. ఆ పేపర్లో ఆయన పేరు ‘స్థానిక మత్స్యకారులు’. అంతే.

తొలకరి:
అన్నా...

జన్యువు_77:
ఇది ముందే చెప్పి ఉంటే నేను స్లాత్ గురించి అంత వాదించేవాణ్ణి కాదు. లేబుల్ విషయంలో మాత్రం మీరన్నదే కరెక్ట్, శాంపిల్‌తో హాస్యం ఆడకూడదు.

ఎడిసన్_రావు:
ఏడుపు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి. కానీ ఒకటి అడుగుతాను, కోప్పడకండి. తాత పేరు పేపర్లో రాకపోవడం అన్యాయం, ఒప్పుకుంటాను. దానికీ విందుకీ లింకేంటి? విందు అనేది డబ్బున్నవాళ్లని పిలిచి డబ్బు రాబట్టే ఏర్పాటు. అక్కడ తాతని కూర్చోబెడితే ఆయనకి ఒరిగేదేంటి? పేరు ఇవ్వండి, కూలి ఇవ్వండి, అది హక్కు. టేబుల్ దగ్గర చోటు హక్కు కాదు.

పద్మజ_జియో:
చోటు లేనివాళ్ల పేరే జారిపోతుందండీ. పేపర్ రాసేవాడు తాత పక్కన ఒక్క పూట కూర్చుని తిన్నా ఆయన పేరు గుర్తుండేది.

ఎడిసన్_రావు:
మీ ఇద్దరితోనూ సగం ఏకీభవిస్తాను మేడమ్. సగమే.

కళింగతీరం:
మిగతా సగం మీద రేపు రాస్తాను. ఇవాళ మూడు గూళ్లు పగిలేలా ఉన్నాయని కుర్రాళ్లు ఫోన్ చేశారు, వెళ్లాలి.