నల్ల తామర పురుగు మీద పీహెచ్‌డీ: కొత్త పేపర్లు ఎలా ఫాలో అవుతున్నారు?

మిరపచేను:
అందరికీ నమస్తే. ఎంటమాలజీలో (కీటక శాస్త్రం) పీహెచ్‌డీ రెండో సంవత్సరం చేస్తున్నాను. నా పని మిరపలో నల్ల తామర పురుగు, అంటే థ్రిప్స్ పార్విస్పైనస్ మీద. 2021లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం వైపు పూతలో చేరి రైతులు తోటలు పీకేసేదాకా తెచ్చింది ఇదే. అప్పట్నుంచి దీని మీద చాలా దేశాల వాళ్లు రాస్తున్నారు. గూగుల్ స్కాలర్‌లో అలర్ట్ పెట్టాను కానీ మెయిల్ నిండా సంబంధం లేనివే వస్తున్నాయి, కావలసింది వాటి కింద ఎక్కడో ఉంటోంది. మీటింగ్‌లో గైడ్ గారు ఫలానా పేపర్ చూశావా అని అడిగితే టెన్షన్ వచ్చేస్తోంది. మీరంతా వారానికి ఎంత చదువుతున్నారు, ఏది వదిలేస్తున్నారు?

పిందె:
చిల్లీ థ్రిప్స్ అని అలర్ట్ పెట్టారా? ఆ పేరుతో ఎక్కువగా వచ్చేది స్కిర్టోథ్రిప్స్ డార్సాలిస్, పై ముడత తెచ్చే మన పాత పురుగు. పార్విస్పైనస్ పూర్తి శాస్త్రీయ నామాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి, సగం చెత్త పోతుంది.

దానికంటే నాకు బాగా పనికొచ్చేది సైటేషన్ అలర్ట్. ఈ పురుగు మన దేశంలో మొదట బొప్పాయి మీద కనబడిందని 2015లో ఒక పేపర్ వచ్చింది కదా, ఇక్కడ దీని మీద రాసేవాళ్లు చాలామంది దాన్ని ఉదహరిస్తారు. స్కాలర్‌లో దాని కింద ఉన్న సైటెడ్ బై నొక్కి, అక్కడే అలర్ట్ పెట్టేయండి. మీ థీసిస్‌కి పునాది అనుకునే నాలుగైదు పేపర్లకు ఇలా చేస్తే మీరు ఊహించని కీవర్డ్‌తో వచ్చినవి కూడా దొరుకుతాయి. 2020లో ఫ్లోరిడాలో అలంకరణ మొక్కల మీద ఇది బయటపడింది, అక్కడి వాళ్ల పేపర్లలో చాలావాటికి మిరప అన్న మాటే టైటిల్‌లో ఉండదు.

నేనైతే వారంలో ఒక ఉదయం దీనికే కేటాయిస్తాను. టైటిళ్లు అన్నీ, అబ్‌స్ట్రాక్ట్‌లు కొన్ని, పూర్తిగా చదివేవి ఒకటో రెండో. మిగతావి వదిలేయడమే, తప్పేం లేదమ్మా.

కేవీకే బాబాయ్:
పిందె చెప్పింది బాగానే ఉంది కానీ మన రంగంలో జర్నల్స్ ఒక్కటే చూస్తే సరిపోదు. పొలంలో పురుగు కనబడ్డాక పేపర్ అచ్చయ్యేసరికి పంట కాలం దాటిపోతుంది. గుంటూరు దగ్గర లాం ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు ఏం చెబుతున్నారో, కూరగాయల అఖిల భారత సమన్వయ ప్రాజెక్టు వార్షిక నివేదికల్లో ఏముందో చూడమ్మా. వ్యవసాయ యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే కృషికోశ్ వెబ్‌సైట్‌లో ఎమ్మెస్సీవి కూడా దొరుకుతాయి, ఎక్కడా పేపర్‌గా రాని ఫీల్డ్ డేటా వాటిలో ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధ. కొత్త దేశాల్లోకి ఏ పురుగు చేరిందో తెలియాలంటే యూరప్ వైపు మొక్కల రక్షణ సంస్థ ఈపీపీఓ వాళ్ల రిపోర్టింగ్ సర్వీస్ నెలనెలా ఉచితంగా వస్తుంది.

మిరపచేను:
థాంక్స్ బాబాయ్ గారూ, థీసిస్‌ల సంగతి నాకు తట్టనేలేదు. ఇంకొకటి. కావలసిన పేపర్ దొరికాక డబ్బు కడితేగానీ తెరుచుకోకపోతే ఏం చేస్తున్నారు?

గ్రంథాలయం అక్క:
మీది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే ముందు లైబ్రరీలో వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం గురించి అడుగు. 2025 జనవరి నుంచి నడుస్తోంది, 30 మంది ప్రచురణకర్తలవి దాదాపు 13,000 జర్నల్స్ అందులో ఉన్నాయి. వ్యవసాయ విద్యాసంస్థలకైతే జర్నల్స్ ఆన్‌లైన్‌లో ఇచ్చే సెరా ముందునుంచే ఉంది. మాకు వచ్చే పిల్లల్లో చాలామందికి లాగిన్ ఉందనే తెలియదు, సొంత డబ్బు పెట్టి కొనుక్కుంటారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అక్కడా లేకపోతే బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకో, రచయిత ఎక్కడైనా ఉచిత కాపీ పెట్టి ఉంటే అది చూపిస్తుంది. అదీ కుదరకపోతే రచయితకే మర్యాదగా రెండు లైన్ల మెయిల్ రాయి, చాలామంది పంపిస్తారు.

దాచుకునేవన్నీ పేపర్లు సర్దిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్‌లో పెట్టు. జర్నల్ వెనక్కి తీసుకున్న పేపర్ ఏదైనా నీ దగ్గరుంటే జొటెరోనే హెచ్చరిక చూపిస్తుంది.

పిందె:
ఇంకో మాట. ఏఐ సారాంశాలు చదివి పూర్తిగా చదివినట్టు అనుకోవద్దు. మందుల పేపర్ వస్తే నేను నేరుగా మెథడ్స్‌కి వెళ్తాను: ల్యాబ్‌లో ఆకు ముక్కల మీద చేశారా, పొలంలోనా, పొలమైతే ఎన్ని సీజన్లు, పురుగుల్ని ఆకుల మీద లెక్కపెట్టారా పూలలోనా. ఇది పూలలో దాక్కునే పురుగు కాబట్టి ఆకులు మాత్రమే లెక్కపెట్టిన పేపర్‌ని నేను పక్కన పెట్టేస్తాను. మీ గైడ్ గారు అడిగేది కూడా ఇదే అయ్యుంటుంది.